"పడలేదమ్మాయ్, జారి కూర్చున్నానంతే": పెద్దవాళ్ళు పడిపోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఇంటింటికీ తిరిగి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. నాకు వచ్చే కేసుల్లో చాలావరకు పడి, తుంటి విరిగి, ఆపరేషన్ అయి, వాకర్ పట్టుకున్నవాళ్ళే. వ్యాయామం అయ్యాక కాఫీ గ్లాసు చేతికిస్తూ పిల్లలు అడిగే ప్రశ్నలు ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఒకటే. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ టైపు చేసే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఇక్కడ పెడుతున్నా. ట్రయల్స్‌లో, అంటే ఒక గుంపుకి ఒక వైద్యం ఇచ్చి ఇంకో గుంపుతో పోల్చి చూసే పరిశోధనల్లో, ఏం తేలిందో చదివి, ఇళ్ళల్లో చూసింది కలిపి రాశాను. మందుల సంగతి మాత్రం మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

మా అమ్మ పడలేదు, జారి కింద కూర్చుందంతే. ఇది కూడా పడటమేనా?

పడటమే. 2005లో యూరప్ పరిశోధకులు అందరూ ఒకే లెక్క వాడాలని ఒక నిర్వచనానికి వచ్చారు: మనిషి అనుకోకుండా నేల మీదకో, ఉన్నచోటి కంటే కిందికో చేరితే అది పడటం. దెబ్బ తగలాలని గానీ, రక్తం రావాలని గానీ లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మనవాళ్ళు దాస్తారు. సత్యనారాయణపురంలో ఒక మామ్మగారిని "ఈమధ్య పడ్డారా?" అని అడిగితే "పడలేదమ్మాయ్, పిండి డబ్బా తీస్తూ జారి కూర్చున్నానంతే" అన్నారు, చూస్తే మోచేతికి పసుపు పట్టించి ఉంది. కోడలికి తెలియదు. తెలిస్తే వంటింట్లోకి రానివ్వరని ఆవిడ భయం, అది అబద్ధం కూడా కాదు. అందుకే నేను పడ్డారా అని అడగను, "ఈ నెలలో ఎన్నిసార్లు నేల మీద తేలారు?" అని నవ్వుతూ అడుగుతా, అప్పుడు చెప్తారు.

ట్రయల్స్‌లో కూడా జ్ఞాపకం మీద ఆధారపడరు. పాల్గొన్నవాళ్ళకి క్యాలెండర్ ఇచ్చి రోజూ గుర్తు పెట్టమంటారు, నెలకోసారి దాన్ని తెప్పించుకుంటారు లేదా ఫోన్ చేస్తారు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే మీరూ పడిన రోజు చిన్న సున్నా చుట్టండి. మూడు నెలలు చుట్టాక చూస్తే పొద్దున పూటే పడుతున్నారా, మాత్ర వేసుకున్నాక పడుతున్నారా అన్నది దానంతట అదే బయటపడుతుంది.

వయసైతే పడతారు కదా, దీని మీద పరిశోధన ఎందుకు?

నేనూ కాలేజీలో అలాగే అనుకునేదాన్ని. 65 దాటినవాళ్ళలో ఏటా ఇంచుమించు మూడో వంతు మంది ఒక్కసారైనా పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది పడి చనిపోతున్నారు, అందులో 80 శాతానికి పైగా మనలాంటి మధ్య, అల్ప ఆదాయ దేశాల్లోనే. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే.

"వయసు" అనే మాటని ముక్కలు చేసి చూపించింది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్ మేరీ టినెటి. 1988లో ఆమె 75 దాటిన 336 మందిని ఏడాది పాటు గమనించారు. నిద్రమాత్రలు, మతిమరుపు, కాళ్ళ బలహీనత, పాదాల ఇబ్బందులు, తూలు నడక, ఇలాంటివి ఒక్కటీ లేనివాళ్ళలో పడింది 8 శాతం. నాలుగూ అంతకు మించీ ఉన్నవాళ్ళలో 78 శాతం. అందరూ పెద్దవాళ్ళే, తేడా మాత్రం అంత. 1994లో ఆమె బృందమే 301 మందితో ట్రయల్ చేసింది: సగం మందికి మందులు సరిచూసి, వ్యాయామం నేర్పి, ఇంట్లో మార్పులు చేయించారు. ఏడాదిలో వాళ్ళలో పడినవాళ్ళు 35 శాతం, రెండో గుంపులో 47 శాతం. పడటం తలరాత కాదని గట్టిగా చూపించిన తొలి ట్రయల్స్‌లో అదొకటి.

మా నాన్నకి ప్రమాదం ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

కొంతవరకు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. ఫోన్‌లో టైమర్ పెట్టండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త పడాలి. ఇంకోటి, ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి ఒకే గీత మీద నిలబడటం. పది సెకన్లు నిలవలేకపోతే అదీ హెచ్చరికే. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే, పరీక్ష పెడుతూ పడేస్తే నన్ను తిట్టుకుంటారు.

నాకు బాగా నచ్చిన పరీక్ష స్వీడన్ వాళ్ళది, 1997లో వచ్చింది. మనిషితో పాటు నడుస్తూ మాట కలుపుతారు, అంతే. జవాబు చెప్పడానికి ఆగిపోయేవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో ఎక్కువగా పడ్డారు. మనసు రెండు పనులు ఒకేసారి చేయలేక నడకని ఆపేస్తోందన్నమాట. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా గేటు దగ్గర్నుంచి హాల్లోకి వచ్చేలోపే "మనవడు ఏం చదువుతున్నాడండీ?" అని అడిగి కాళ్ళ వంక చూస్తా.

ఇన్ని చెప్తారు, ఖాయంగా పనిచేసేది ఏదో ఒక్కటి చెప్పండి.

బ్యాలెన్స్ వ్యాయామం. 2019లో కోక్రేన్ (ఒక విషయం మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ ఒకచోట చేర్చి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 108 ట్రయల్స్‌ని, 23,407 మందిని కలిపి చూస్తే వ్యాయామం వల్ల పడటం 23 శాతం తగ్గింది. బ్యాలెన్స్‌తో పాటు కాళ్ళ బలానికి కూడా చేసినవాళ్ళలో 34 శాతం. మెల్లమెల్లగా కదులుతూ చేసే చైనావాళ్ళ వ్యాయామం తైచీతో 19 శాతం. ఇంత నమ్మకంగా చెప్పగలిగే మందు బిళ్ళ ఈ విషయంలో ఒక్కటీ లేదు.

పాత పద్ధతి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళది. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి నేర్పడం, చీలమండకి బరువు కట్టి కాలు ఎత్తడం, మడమల మీద, వేళ్ళ మీద నిలబడటం, వెనక్కి నడవడం, అంతా అరగంట, వారానికి మూడుసార్లు. 1997లో 80 దాటిన ఆడవాళ్ళ మీద మొదలుపెట్టారు. నేను చేయించేది చాలావరకు ఇదే, చీలమండ బరువుకి బదులు అరకిలో ఉప్పు ప్యాకెట్లు గుడ్డలో కట్టి.

"వ్యాయామం" అనగానే మొహం ముడుచుకునేవాళ్ళకి సిడ్నీ పద్ధతి పనికొస్తుంది. 2012లో 70 దాటిన 317 మందితో చేసిన ట్రయల్ అది. విడిగా వ్యాయామం ఉండదు, పనుల్లోనే కలిపేస్తారు. పళ్ళు తోముకుంటూ ఒక కాలి మీద నిలబడటం, కింది అరలోంచి గిన్నె తీయడానికి నడుం వంచకుండా మోకాళ్ళు వంచడం, అలాంటివి. పడటం 31 శాతం తగ్గింది. మన ఇంట్లో అయితే పొయ్యి మీద పాలు పొంగేదాకా గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడండి. ఎలాగూ పక్కకి కదలకుండా చూస్తూ నిలబడాలిగా.

మోతాదు కూడా ముఖ్యం. వారానికి మూడు గంటలు దాటి, అదీ కాస్త తూలేంత కష్టంగా చేసినప్పుడే ఫలితం బాగా కనిపించింది. రెండు చేతులతో కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుని చేస్తే అది భజన, బ్యాలెన్స్ కాదు.

రోజూ పార్కులో వాకింగ్ చేస్తారు, చాలదా?

గుండెకి, షుగర్‌కి మంచిదే. పడకుండా ఆపడానికి మాత్రం వాకింగ్ ఒక్కటే చాలదు. 1997లో ఇంగ్లండ్‌లో చెయ్యి విరిగి కోలుకున్న ఆడవాళ్ళకి చురుగ్గా నడవమని చెప్పి చూస్తే ఆ గుంపే ఎక్కువ పడింది. ఇప్పటికే తూలుతున్నవాళ్ళని ముందు నిలబడటం నేర్పకుండా రోడ్డు మీదకి తోలకండి. యోగా సంగతి అడుగుతారు: గోడ పక్కన నిలబడి చేసే ఆసనాలైతే బ్యాలెన్స్‌కి సాధనే, కూర్చుని చేసే ప్రాణాయామం కాళ్ళకి ఏమీ చేయదు.

విటమిన్ డి, కాల్షియం వాడుతున్నాం. ఇంక భయం లేదు కదా?

లోపం ఉంటే వాడాల్సిందే. కానీ పడకుండా ఉండటానికి అని అందరికీ పోయడం మీద ట్రయల్స్ చన్నీళ్ళు చల్లాయి. 2010లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్లో 2,256 మంది ఆడవాళ్ళలో సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చారు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. విటమిన్ వేసుకున్నవాళ్ళే 15 శాతం ఎక్కువ పడ్డారు, ఎముకలు 26 శాతం ఎక్కువ విరిగాయి. మంచిదే కదా, ఎక్కువైతే ఏం పోయింది అనేది ఇక్కడ చెల్లదు. మన దగ్గర 60,000 యూనిట్ల క్యాప్సూల్ చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్ళని చూస్తుంటా, దయచేసి అలా చేయకండి.

వేసుకునే మాత్రల వల్ల కూడా పడతారా?

పడతారు. నిద్రమాత్రలు, టెన్షన్‌కి వేసుకునేవి, కొన్ని బీపీ మాత్రలు. 1999లో న్యూజిలాండ్‌లో 93 మందితో చిన్న ట్రయల్ ఒకటి జరిగింది, నిద్రమాత్రల్లాంటివి మెల్లమెల్లగా తగ్గించి ఆపితే పడటం 66 శాతం తగ్గింది. ఇంత పెద్ద అంకె ఈ రంగంలో అరుదు. కథ అక్కడితో అయిపోలేదు, మాత్రలు మానినవాళ్ళలో దాదాపు సగం మంది ట్రయల్ అయిన నెలలోపే మళ్ళీ మొదలుపెట్టారు! నిద్ర పట్టనివాడి బాధ వాడిది, నేను తప్పు పట్టను. ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం, కాబట్టి డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి.

బీపీ సంగతి ఇంట్లోనే చూడొచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడి మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రాత్రి ఒంటేలుకి గబుక్కున లేచి కళ్ళు బైర్లు కమ్మి పడేది ఇలాంటివాళ్ళే.

శుక్లం ఆపరేషన్ ఎండాకాలం పోయాక చేయిద్దామనుకుంటున్నాం.

వాయిదా వేయకండి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 70 దాటిన 306 మంది ఆడవాళ్ళలో కొందరికి మొదటి కంటి ఆపరేషన్ వెంటనే చేసి, మిగతావాళ్ళని మామూలు వరుసలో ఉంచారు. వెంటనే చేయించుకున్నవాళ్ళు 34 శాతం తక్కువ పడ్డారు. ఇంకో మాట, దగ్గర చూపూ దూరపు చూపూ ఒకే అద్దంలో ఉన్న కళ్ళజోడుతో మెట్లు దిగితే కింది మెట్టు మసగ్గా కనిపిస్తుంది. బయటికి వెళ్ళడానికి దూరపు చూపుకి విడిగా ఒక జత ఉంటే మంచిది.

బాత్రూమ్‌లో ఏమేం మార్చాలి?

టవల్ కడ్డీ పట్టుకునే కడ్డీ కాదు. ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే ఒకాయన కమోడ్ మీంచి లేస్తూ టవల్ కడ్డీ పట్టుకుంటే మరలతో సహా గోడలోంచి ఊడి చేతిలోకి వచ్చింది, ఆయన కడ్డీతో సహా బకెట్ మీద పడ్డారు. కొడుకు మర్నాడే స్టీలు హ్యాండిల్ బిగించాడు, కానీ కుడి వైపు. ఆయనకి పక్షవాతం వచ్చింది కుడి చేతికే. ఏ చేత్తో పట్టుకుంటారో మనిషిని కూర్చోబెట్టి చూసి, ఆ తర్వాతే డ్రిల్లు పెట్టాలి.

2023 కోక్రేన్ సమీక్ష ప్రకారం ఇంట్లో ప్రమాదాలు తగ్గిస్తే పడటం 26 శాతం తగ్గింది, ఇప్పటికే పడినవాళ్ళలాంటి ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళలో 38 శాతం. అది కూడా ఆ పని తెలిసిన నిపుణులు వచ్చి ఆ మనిషి ఇంట్లో ఎలా తిరుగుతున్నాడో చూసి చేసినప్పుడు.

మన ఇళ్ళ జబ్బులు వేరే. తెల్లవారుజామున వాకిలి కడిగి ముగ్గు వేసి, తడి కాళ్ళతో మార్బుల్ మీదకి రావడం. స్నానం చేసి మడిబట్టతో, ఒళ్ళు తుడుచుకోకుండానే దేవుడి గదికి పరుగు. అరిగి అద్దంలా అయిన రబ్బరు చెప్పులు. చీకట్లో గడప. పడగ్గది నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి, కరెంటు బిల్లు నేను కడతా.

పెద్ద పెద్ద ట్రయల్సే విఫలమయ్యాయని విన్నాను, నిజమా?

నిజమే. అమెరికాలో 86 క్లినిక్కుల్లో 5,451 మందితో చేసిన స్ట్రైడ్ ట్రయల్ 2020లో వచ్చింది. నర్సులు ఒక్కొక్కరి ప్రమాదాలు లెక్కగట్టి ప్రణాళిక వేసిచ్చారు. పడి గట్టిగా దెబ్బలు తగలడం 8 శాతం తగ్గింది, అది కాకతాళీయం కాదని చెప్పలేనంత చిన్న తేడా. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 9,803 మందితో చేసిన ప్రీఫిట్ ట్రయల్లో, పోస్టులో సలహా పంపడం కంటే వ్యాయామం గానీ పూర్తి పరీక్షలు గానీ ఎముకలు విరగడాన్ని తగ్గించలేదు.

మరి 1994లో యేల్‌లో ఎలా పనిచేసింది? నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా పరవాలేదు. యేల్‌లో నర్సూ, ఫిజియోథెరపిస్టూ ఇంటికెళ్ళి దగ్గరుండి చేయించారు. స్ట్రైడ్‌లో చాలా పనులు "ఫలానా చోటికి వెళ్ళండి" అనే దాకా వచ్చి ఆగాయి. వెళ్ళేవాళ్ళు వెళ్తారు, మిగతావాళ్ళ కాగితం టీవీ కింద అరలో ఉంటుంది. నేను కూడా బొమ్మలతో అందంగా ప్రింట్ తీసి ఇచ్చేదాన్ని, రెండు వారాల తర్వాత వెళ్తే దాని మీద వడియాలు ఆరబోసి ఉన్నాయి. అప్పట్నుంచి కాగితం ఇవ్వడం మానేసి, మనవరాలికి నేర్పి, రోజూ సాయంత్రం నాకు వాయిస్ మెసేజ్ పెట్టమంటున్నా.

పడగానే ఏం చేయాలి?

ముందు లేపకండి. అందరూ చేసే తప్పు అదే, నలుగురు చేరి చంకల్లో చేతులు పెట్టి లాగేస్తారు. ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి దగ్గర విరిగినట్టే అనుకుని 108కి ఫోన్ చేయండి. తలకి దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, మనిషి బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొందరికి మెదడు చుట్టూ రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుంది, నెల తర్వాత మత్తుగా ఉండటం, మాట తడబడటం మొదలైతే ఆ పాత దెబ్బ సంగతి డాక్టర్‌కి గుర్తుచేయండి.

అలాగని పడతారేమోనని ఆ మందులు మీరే ఆపేయకండి. 1999లో కెనడా పరిశోధకులు లెక్కగడితే, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వల్ల నష్టం లాభాన్ని మించాలంటే మనిషి ఏడాదికి 295 సార్లు పడాలని తేలింది. అది లెక్క మాత్రమే, అయినా ఒక అంచనా వస్తుంది.

తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా, కట్టు కట్టిస్తే సరిపోదా?

పుత్తూరు కట్టు గురించి ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చెయ్యి సంగతి వేరే చర్చ, తుంటి కీలు దగ్గర మాత్రం బయట్నుంచి కట్టి కదలకుండా ఆపలేరు. మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు, ఇవే మనిషిని తీసుకుపోతాయి. చాలామందికి ఆపరేషన్ చేసేది మర్నాడు కూర్చోబెట్టడానికి, నిలబెట్టడానికి.

ఎంత త్వరగా అన్నదాని మీద 2020లో హిప్ అటాక్ ట్రయల్ వచ్చింది. 17 దేశాలు, మన దేశం కూడా ఉంది, 2,970 మంది. విరిగిందని తేలాక ఒక గుంపుకి ఇంచుమించు 6 గంటలకి, ఇంకో గుంపుకి ఇంచుమించు 24 గంటలకి ఆపరేషన్ అయ్యింది. మరణాల్లో తేడా లేదు, 9 శాతం, 10 శాతం. కానీ త్వరగా చేసినవాళ్ళలో మతి తప్పి మాట్లాడటం తగ్గింది, ముందే నిలబడ్డారు, ముందే ఇంటికెళ్ళారు. నడుముకి మత్తా, పూర్తి మత్తా అని గొడవపడకండి. 1,600 మందిలో పోల్చి చూస్తే నడక తిరిగి రావడంలో, బతకడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంటికొచ్చాక అందరూ మర్చిపోయేది ఎముకల మందు. 2007లో 2,127 మందితో చేసిన ట్రయల్లో, తుంటి ఆపరేషన్ అయ్యాక ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కిస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. కిడ్నీలు, కాల్షియం చూసి ఇవ్వాలి. డిశ్చార్జ్ రోజున "మరి ఎముకలకి ఏమిస్తారు సార్?" అని మీరే అడగండి.

ఆసుపత్రిలో ఏదో ట్రయల్‌లో చేరమంటున్నారు. మా వాళ్ళని ప్రయోగానికి వాడుకుంటారా?

భయం సహజమే. అడగాల్సినవి అడగండి. మన దేశంలో ట్రయల్స్‌ని సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు చేస్తారు, అది 2007లో మొదలైంది, నెంబరు అడిగి ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? సమ్మతి పత్రం తెలుగులో ఉందా? కొత్త మందు అయితే 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ళ బాధ్యత. మధ్యలో మానేస్తామన్నా మామూలు వైద్యం ఆపకూడదు. పడకుండా ఆపే ట్రయల్స్‌లో ఎక్కువ భాగం వ్యాయామమో, ఇంటి మార్పులో. ఎవరు ఏ గుంపులో పడతారన్నది లాటరీ, డాక్టర్‌కి తెలిసినవాళ్ళైనా మార్చలేరు, మార్చకూడదు.

పెద్దవాళ్ళ సంగతి సరే, చెట్ల మీంచి పడేవాళ్ళో?

అది వేరే పరిశోధన, వ్యాయామంతో పోయేది కాదు. అక్కడ కావాల్సింది మనిషి జారినా నేలకి చేరనివ్వని తాడు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల కోసం తెలంగాణలో 2024లో కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. వెన్నుపూస విరిగి నడుం కింద చచ్చుబడిన పాతికేళ్ళ కుర్రాడికి వ్యాయామం చేయించినవాళ్ళకి ఆ తాడు విలువ తెలుసు.

ఒకసారి పడింది, అప్పట్నుంచి అమ్మ కుర్చీలోంచి లేవడమే లేదు. ఏం చేయాలి?

లేవకపోతే కాళ్ళు ఇంకా బలహీనపడతాయి, ఈసారి బాత్రూమ్‌కి వెళ్తూనే పడుతుంది. భయాన్ని మాటలతో పోగొట్టలేం, పడినా లేవగలనని ఆవిడకి తెలియాలి. అలారం బటన్ మెడలో వేస్తే సరిపోతుందనుకోకండి, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 90 దాటినవాళ్ళని గమనిస్తే చాలామంది బటన్ ఉండి కూడా నొక్కకుండా నేల మీదే ఉండిపోయారు.

నేను చేసేది ఇది. దుప్పటి మడతపెట్టి నేల మీద పరిచి, పక్కనే గట్టి కుర్చీ గోడకి ఆనించి పెడతా. ఆవిడని మెల్లగా కిందికి దించి పడుకోబెడతా. పక్కకి తిరగండి, మోచేతి మీద లేవండి, నాలుగు కాళ్ళ మీద కుర్చీ దాకా రండి, రెండు చేతులూ కుర్చీ మీద, బలమున్న కాలు ముందుకి, ఇప్పుడు లేవండి. మోకాళ్ళ నొప్పులు మరీ ఎక్కువున్నవాళ్ళకి, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది వద్దు. మొదటిసారి పావుగంట పట్టింది సత్యనారాయణపురం మామ్మగారికి, మధ్యలో రెండుసార్లు నన్ను తిట్టారు. నాలుగో వారం నేను వెళ్ళేసరికి పిండి డబ్బా ఆవిడే దించుకుంటున్నారు, కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఏమీ అనలేదు.